కారులో కంట్రోల్ యూనిట్లు మాట్లాడుకోకపోతే: వైరింగ్ లోపాన్ని మెట్టు మెట్టుగా కనిపెట్టడం ఎలా?

ట్యాక్సీ, మ్యాక్సీ క్యాబ్ యజమాని-డ్రైవర్ లబ్ధిదారులకు అవగాహన పాఠం

ఈ పాఠం ఎవరికి? ఎందుకు?



సొంత ఆటో, మోటార్ క్యాబ్, మ్యాక్సీ క్యాబ్ నడుపుకుంటున్న వారికి 'ఆటో డ్రైవర్ల సేవలో' పథకం కింద ఏడాదికి రూ.15,000 చొప్పున ఆర్థిక సాయం అందుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం 2025 అక్టోబరు 4న మొదలైంది. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, టైర్లు, రిపేర్లు... ఇలా బండి మీద వచ్చే ఖర్చులకు ఈ డబ్బు కొంత ఆసరా.

అయితే ఒక్క తప్పుడు రిపేరుతో ఈ సాయమంతా ఒక్కరోజులో కరిగిపోవచ్చు. ఇప్పటి కార్లలో అలా ఎక్కువగా డబ్బు పోయే చోటు ఒకటుంది. డ్యాష్‌బోర్డు మీద నాలుగైదు లైట్లు ఒకేసారి వెలుగుతాయి. "ఈసీయూ పోయింది, మార్చాలి" అంటారు. వేలకు వేలు పెట్టి మారుస్తాం. వారం తిరక్కుండా అవే లైట్లు మళ్ళీ వస్తాయి. ఎందుకంటే పోయింది ఈసీయూ కాదు, దాని దాకా వెళ్ళే వైరో, కప్లరో, ఎర్త్ బోల్టో.

ఈ పాఠం చదివితే మీరు మెకానిక్ అయిపోరు. కానీ ఏ పరీక్ష చేశాక ఈసీయూ మార్చాలో, ఏ పరీక్ష చేయకుండా మార్చకూడదో తెలుస్తుంది. చేతిలో మల్టీమీటర్ ఉంటే కొన్ని పరీక్షలు మీరే చేసుకోవచ్చు. మామూలు మల్టీమీటర్ కొన్ని వందల రూపాయల్లోనే దొరుకుతుంది.

ఆటో నడిపేవారు కనీసం 1, 6 మెట్లు తప్పక చదవండి. బ్యాటరీ, ఫ్యూజు, ఎర్త్ సంగతి అన్ని బండ్లకూ ఒకటే.

ముందు కొంచెం అర్థం చేసుకుందాం

*ఈసీయూ అంటే ఏమిటి?*

ఈసీయూ అంటే ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్. చిన్న కంప్యూటర్ అనుకోండి. కారులో ఇలాంటివి ఒకటి కాదు, చాలా ఉంటాయి. ఇంజిన్‌కి ఒకటి, ఏబీఎస్ బ్రేకుకి ఒకటి, పవర్ స్టీరింగ్‌కి ఒకటి, ఎయిర్‌బ్యాగ్‌కి ఒకటి, లైట్లు-డోర్ లాకులకు ఒకటి (దీన్ని బాడీ కంట్రోల్ మాడ్యూల్ అంటారు), స్పీడోమీటర్ బోర్డుకి ఒకటి.

*అవి ఎలా మాట్లాడుకుంటాయి?*

వీటన్నిటినీ కలిపే ఏర్పాటు పేరు క్యాన్. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ దీన్ని తయారుచేసి 1986లో బయటపెట్టింది. ఇప్పుడు దాదాపు అన్ని కార్లలోనూ ఇదే పద్ధతి. ఇందులో ఉండేవి రెండే రెండు సన్నని వైర్లు, అవీ ఒకదానికొకటి మెలితిప్పి ఉంటాయి. ఒకటి క్యాన్-హై, రెండోది క్యాన్-లో.

స్టాండులోని డ్రైవర్ల వాట్సాప్ గ్రూపు లాంటిదే ఇది. ఒకరు పెట్టిన మెసేజ్ అందరికీ కనిపిస్తుంది, ఎవరికి అవసరమైతే వాళ్ళు వాడుకుంటారు. ఏబీఎస్ యూనిట్ చక్రాల వేగం ఎంతో చెబుతుంది. స్పీడోమీటర్ ఆ మాట విని ముల్లు కదుపుతుంది. స్టీరింగ్ యూనిట్ అదే మాట విని స్టీరింగ్ ఎంత తేలిగ్గా తిరగాలో తేల్చుకుంటుంది. చాలా కార్లలో ఏబీఎస్ మూగబోతే స్పీడోమీటర్ సున్నా దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే. అక్కడ స్పీడోమీటర్ పాడవలేదు, దానికి కబురు అందలేదు.

*రెండు చివర్లలో 120 ఓమ్స్ ఎందుకు?*

ఖాళీ బావిలోకి కేక వేస్తే ఆ కేకే తిరిగి మనకు వినిపిస్తుంది. వైరు చివర ఊరికే వదిలేస్తే కరెంటు సిగ్నల్ కూడా అలాగే తిరిగొచ్చి, తర్వాతి మాటతో కలిసిపోతుంది. అలా కాకుండా ఈ రెండు వైర్ల మధ్య, లైను ఈ చివర ఒకటి ఆ చివర ఒకటి, 120 ఓమ్స్ రెసిస్టర్లు పెడతారు. సాధారణంగా ఇవి చివర్న ఉన్న ఈసీయూల లోపలే ఉంటాయి. రెండూ పక్కపక్కన కలిసినట్టు పనిచేస్తాయి కాబట్టి మీటర్‌కి 120లో సగం, అంటే 60 ఓమ్స్ కనిపిస్తుంది. ఈ 60 అంకె గుర్తుంచుకోండి. పాఠంలో సగం దీని మీదే ఆధారపడి ఉంది.

లోపం ఎలా బయటపడుతుంది?

కింది వాటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే ఈసీయూల మధ్య లైను మీద అనుమానం పెట్టుకోవాలి.

• సంబంధం లేని లైట్లు (ఏబీఎస్, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్, ఇంజిన్) ఒకేసారి వెలగడం
• స్పీడోమీటర్ లేదా టెంపరేచర్ ముల్లు ఒక్కసారిగా పడిపోయి, మళ్ళీ లేవడం
• వాన పడినప్పుడు, గుంతలో పడినప్పుడు మాత్రమే సమస్య రావడం
• తాళం తిప్పితే ఒకసారి స్టార్ట్ అవడం, ఒకసారి అవకపోవడం
• స్కానర్ పెడితే కొన్ని యూనిట్లతో కనెక్ట్ అయి, కొన్నిటితో అవకపోవడం

ఎప్పుడు వచ్చింది, వాన ఉందా, ఏసీ నడుస్తోందా, ఎన్ని కిలోమీటర్లు తిరిగాక వచ్చింది అనేది ఫోన్‌లో రాసి పెట్టుకోండి. డ్యాష్‌బోర్డు ఫోటో తీసుకోండి. వచ్చి పోయే లోపాన్ని పట్టుకోవడానికి మెకానిక్‌కి ఇంతకన్నా పెద్ద సాయం లేదు.

ఆగండి: ప్రయాణికులను ఎక్కించే ముందు

ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు పనిచేస్తుంది. కానీ గట్టిగా తొక్కితే చక్రాలు బిగిసి బండి జారొచ్చు. దాంతో పాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగినా, స్టీరింగ్ ఉన్నట్టుండి బరువెక్కినా ట్రిప్పు తీసుకోకండి. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతూ ఉంటే ప్రమాదం జరిగినప్పుడు బ్యాగు తెరుచుకోకపోవచ్చు. కిరాయి పోతే రేపు వస్తుంది.

పరీక్షకు ముందు జాగ్రత్తలు

• ఓమ్స్ కొలిచేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ వైరు తప్పక తీసేయాలి. కరెంటు ఉండగా ఓమ్స్ చూస్తే తప్పు అంకె వస్తుంది, మీటర్ కూడా పాడవొచ్చు.
• పసుపు రంగు కప్లర్లు, పసుపు గొట్టంలో ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని మీటర్‌తో ముట్టుకోకండి.
• ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్లలో నారింజ రంగు లావు వైర్లు ప్రాణాంతకమైన వోల్టేజీవి. వాటి జోలికి శిక్షణ పొందినవారే వెళ్ళాలి.
• క్యాన్ వైర్ల మీద బల్బు టెస్ట్ ల్యాంప్ వాడకండి. బల్బు లాగే కరెంటుకి ఈసీయూ దెబ్బతినొచ్చు.
• వైరు పై తొడుగుకి సూది గుచ్చి చూడకండి. ఆ రంధ్రంలోంచి నీరు దిగి, కొన్ని నెలలకు అక్కడే చిలుము పడుతుంది.
• కప్లర్ ఆడ పిన్నులోకి లావు ప్రోబు దూర్చకండి. పిన్ను వదులై కొత్త లోపం పుడుతుంది. వెనక వైపు నుంచి సన్నని పిన్నుతో అందుకోవాలి.
• బండి వారంటీలో ఉంటే వైర్లు కోయకండి. అధీకృత సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్ళండి.

మెట్టు 1: కళ్ళతో చూడండి, బ్యాటరీ చూడండి

సగం లోపాలు మీటర్ తీయకముందే దొరుకుతాయి. వరుసగా ఇవి చూడండి.

బ్యాటరీ: ఇంజిన్ ఆపి కొంతసేపయ్యాక 12.4 నుంచి 12.6 వోల్టుల దాకా ఉండాలి. ఇంజిన్ నడుస్తుండగా సుమారు 13.5 నుంచి 14.5 ఉండాలి. బ్యాటరీ నీరసపడితే స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోయి, ఈసీయూలు ఒక్క క్షణం ఆగిపోతాయి. అప్పుడు "ఫలానా యూనిట్ పలకలేదు" అనే కోడ్లు పడతాయి. లోపం బ్యాటరీది, నింద ఈసీయూ మీద!

ఫ్యూజులు: పలకని యూనిట్ ఫ్యూజు తీసి చూడండి. కంటికి బాగున్నా మీటర్‌తో రెండు కాళ్ళ దగ్గరా వోల్టేజీ ఉందో లేదో చూడాలి.

ఎలుకలు: రాత్రిళ్ళు చెట్టు కిందో, గోడౌన్ పక్కనో ఆపే బండ్లలో ఇది చాలా మామూలు. ఇంజిన్ గదిలో బ్యాటరీ కింద, ఎయిర్ ఫిల్టర్ వెనక, ఫైర్‌వాల్ దగ్గర కొరికిన గుర్తులు, పెంటికలు ఉన్నాయేమో చూడండి.

నీరు: ముందు సీట్ల కింద కార్పెట్ చేత్తో నొక్కి చూడండి. ఏసీ నీటి గొట్టం మూసుకుపోయినా, ముందు అద్దం చుట్టూ లీకు ఉన్నా నీరు కార్పెట్ కిందకు చేరి కప్లర్లను తడుపుతుంది. పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే దొంగ దొరికినట్టే.

తర్వాత పెట్టించినవి: మ్యూజిక్ సిస్టమ్, రిమోట్ లాక్, రివర్స్ కెమెరా, జీపీఎస్ ట్రాకర్, అదనపు లైట్లు. కంపెనీ వైరుని గీకి, చుట్టి, పైన టేపు వేసిన జాయింటు ఎక్కడుంటే అక్కడ ముందు చూడండి. "ఈ సమస్య మొదలవకముందు బండికి ఏం పెట్టించాం?" అని గుర్తుచేసుకోండి. యాక్సిడెంట్ రిపేరు జరిగిన వైపు కూడా అంతే.

మెట్టు 2: స్కానర్ ఏం చెబుతోంది?

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దాని పేరు ఓబీడీ పోర్టు. స్కానర్ పెట్టేది అక్కడే. యు అక్షరంతో మొదలయ్యే కోడ్లన్నీ యూనిట్ల మధ్య మాటలకు సంబంధించినవి. తరచూ కనిపించేవి ఇవి:

• యు0001: హైస్పీడ్ క్యాన్ లైనులోనే సమస్య
• యు0100: ఇంజిన్ ఈసీయూ పలకడం లేదు
• యు0101: గేర్‌బాక్స్ ఈసీయూ పలకడం లేదు
• యు0121: ఏబీఎస్ పలకడం లేదు
• యు0131: పవర్ స్టీరింగ్ పలకడం లేదు
• యు0140: బాడీ కంట్రోల్ మాడ్యూల్ పలకడం లేదు
• యు0155: స్పీడోమీటర్ బోర్డు పలకడం లేదు

ఇక్కడే చాలామంది పొరపడతారు. యు0100 వచ్చిందంటే ఇంజిన్ ఈసీయూ కాలిపోయిందని కాదు అర్థం. దాని మాట మిగతావారికి వినపడలేదని మాత్రమే. ఫోన్ కలవకపోతే మనిషికి ఏదో అయిపోయిందనుకోం కదా! ఛార్జింగ్ లేదేమో, సిగ్నల్ లేదేమో అని ముందు చూస్తాం. ఇక్కడా అంతే.

కోడ్ ఏ యూనిట్‌లో పడింది, అది ఎవరి గురించి చెబుతోంది అని రెండూ రాసుకోవాలి. ఇంజిన్, స్టీరింగ్, స్పీడోమీటర్ మూడూ "ఏబీఎస్ పలకడం లేదు" అంటుంటే, ఆ మూడూ ఒకదానితో ఒకటి బాగానే మాట్లాడుకుంటున్నాయన్నమాట. అప్పుడు ఏబీఎస్ దగ్గరే వెతకాలి. అలా కాకుండా స్కానర్‌కి ఏ యూనిట్టూ దొరకకపోతే, లైను మొత్తం పడిపోయినట్టు.

కోడ్లన్నీ రాసుకున్నాక (లేదా ఫోటో తీసుకున్నాక) ఒకసారి చెరిపేసి, బండి కొంచెం తిప్పి మళ్ళీ చూడాలి. పాతవి పోయి, ఇప్పుడున్న అసలు లోపమే మిగులుతుంది. చవక బ్లూటూత్ స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లే చూపిస్తాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్ కోడ్లు చదవాలంటే వర్క్‌షాపు స్కానర్ కావాలి.

మెట్టు 3: 60 ఓమ్స్ పరీక్ష

తాళం తీసి, బ్యాటరీ నెగెటివ్ విప్పి, కొద్ది నిమిషాలు ఆగండి. మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టండి. ఓబీడీ పోర్టులో 6వ పిన్ను క్యాన్-హై, 14వ పిన్ను క్యాన్-లో. ఈ రెంటి మధ్య కొలవండి.

• 60 దగ్గర: ప్రధాన లైను, రెండు చివర్లూ బాగున్నాయి.
• 120 దగ్గర: రెండు చివర్లలో ఒకటి అందడం లేదు. ఎక్కడో వైరు తెగింది, లేదా కప్లర్ ఊడింది.
• 0 దగ్గర: రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి.
• 40 దగ్గర: అదనంగా మూడో రెసిస్టర్ చేరింది. తర్వాత పెట్టించిన పరికరం మీద అనుమానం.
• అసలు ఏమీ చూపకపోతే: పోర్టు దగ్గరే తెగింది, లేదా మీ కారులో పోర్టుకీ లైనుకీ మధ్య గేట్‌వే అనే యూనిట్ ఉంది.

ఆఖరి మాట గమనించండి. కొత్త మోడళ్ళు కొన్నిటిలో పోర్టు నేరుగా ప్రధాన లైనుకి కలవదు, గేట్‌వేకి కలుస్తుంది. అలాంటి బండ్లలో పోర్టు దగ్గర కనిపించే అంకెను చూసి లైనంతటి మీదా తీర్పు చెప్పకూడదు. వైరింగ్ డయాగ్రమ్ చూసి, అసలు లైను మీదే కొలవాలి.

120 వస్తే ఏ చివర పోయిందో తెలుసుకోవడం తేలికే. మీటర్ పోర్టు దగ్గరే ఉంచి, ఒక చివర ఈసీయూ కప్లర్ పీకండి. అంకె 120 నుంచి కదలకపోతే ఆ చివరే ముందు నుంచీ తెగి ఉంది. ఏమీ చూపకుండా పోతే ఆ చివర బాగుంది, రెండో చివర వెతకండి.

ఇంకో ముఖ్యమైన మాట. 60 వచ్చింది కదా అని వైరింగ్ అంతా బాగుందనుకోకూడదు. రెసిస్టర్లు ఉండేది చివర్లలోనే. మధ్యలో కొమ్మల్లా చీలి వెళ్ళే యూనిట్లకు అవి ఉండవు. ఆ కొమ్మ తెగినా మీటర్ 60నే చూపిస్తుంది. అందుకే ఒకే యూనిట్ మూగబోయి, 60 సరిగ్గా ఉంటే మెట్టు 6కి వెళ్ళాలి.

మెట్టు 4: వోల్టేజీ పరీక్ష

బ్యాటరీ కలపండి, తాళం ఆన్ చేయండి. మీటర్ డీసీ వోల్టులో పెట్టి, నల్ల ప్రోబు ఓబీడీ 4వ పిన్నుకి (ఇది బాడీ ఎర్త్), ఎర్ర ప్రోబు 6కి, తర్వాత 14కి పెట్టండి.

ఎవరూ మాట్లాడనప్పుడు రెండు వైర్ల మీదా 2.5 వోల్టులు ఉంటుంది. మాట వెళ్ళేటప్పుడు హై 3.5కి లేస్తుంది, లో 1.5కి దిగుతుంది. హైస్పీడ్ లైనులో ఇది సాధారణంగా సెకనుకు 5 లక్షల బిట్ల వేగంతో జరుగుతుంది కాబట్టి మీటర్ సగటు మాత్రమే చూపుతుంది. హై మీద 2.5 కన్నా కొంచెం ఎక్కువ, లో మీద కొంచెం తక్కువ ఉండి, రెండూ కలిపితే 5 దగ్గరికి రావాలి.

• రెండూ సున్నా వైపు పడిపోతే: ఏదో ఒకటి బాడీకి తగులుతోంది.
• 12 వోల్టుల వైపు లేస్తే: బ్యాటరీ వైరుకి తగులుతోంది.
• రెండింటి మీదా సరిగ్గా ఒకే అంకె ఉండి, కదలకపోతే: ఒకదానికొకటి తగులుతున్నాయి, లేదా లైను మీద ఎవరూ మాట్లాడడం లేదు. మెట్టు 3లో వచ్చిన అంకెతో పోల్చి చూడండి.

బాడీకి తగిలింది ఏ వైరు? బ్యాటరీ మళ్ళీ తీసి, ఒక్కో వైరుకీ బాడీకీ మధ్య ఓమ్స్ చూడండి. ఒకటి 0 దగ్గర, ఇంకొకటి 60 దగ్గర చూపుతుంది. సున్నా చూపిందే దోషి. రెండోదానిలో కనిపించేది చివర రెసిస్టర్ల 60 మాత్రమే.

మెట్టు 5: ఒక్కొక్కటీ విడదీసి చూడటం

లైను మొత్తం పడిపోయినప్పుడు ఇదే మంచి దారి. గ్రూపు కాల్‌లో ఒకరి ఫోన్ దగ్గర హోరు ఉంటే ఎవరి మాటా వినపడదు. ఒక్కొక్కరినీ మ్యూట్ చేస్తూ పోతే ఎవరిదో తెలిసిపోతుంది.

షార్టు చూపిస్తున్న మీటర్‌ని అలాగే పెట్టి, ఒక్కో యూనిట్ కప్లర్ పీకుతూ రండి. తర్వాత పెట్టించిన పరికరాలతో మొదలుపెట్టండి, ఆ తర్వాత చేతికి తేలిగ్గా అందేవి. ప్రతిసారీ బ్యాటరీ తీసి ఉండాలి. ఏది పీకగానే అంకె మామూలుకి వస్తే లోపం ఆ యూనిట్‌లో ఉంది. అన్నీ పీకినా షార్టు పోకపోతే లోపం వైరులోనే. అప్పుడు మధ్య కప్లర్లు విప్పుతూ ఏ ముక్కలో ఉందో తగ్గించుకుంటూ రావాలి. చివరి యూనిట్ పీకితే 60 కాస్తా 120 అవుతుంది, అది లోపం కాదు.

మెట్టు 6: పవర్, ఎర్త్ పరీక్ష

ఒక్క యూనిట్టే పలకనప్పుడు ముందు అడగాల్సింది "దానికి తిండి అందుతోందా?" అని. 12 వోల్టులు వస్తున్నాయా, ఎర్త్ బాగుందా?

చాలామంది బీప్ శబ్దం చూసి ఎర్త్ బాగుందంటారు. అది సరిపోదు. ఇరవై పోగులున్న వైరులో పందొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా మీటర్ బీప్ అంటుంది. కానీ ఆ ఒక్క పోగు యూనిట్‌కి కావలసిన కరెంటు మోయలేదు. అందుకే పని జరుగుతుండగా కొలవాలి.

కప్లర్ కలిపి, తాళం ఆన్ చేసి, యూనిట్ పనిచేస్తుండగా ఒక ప్రోబు బ్యాటరీ నెగెటివ్ బొడిపె మీద, రెండోది యూనిట్ ఎర్త్ పిన్ను వెనక పెట్టండి. 0.1 వోల్టు, అంతకన్నా తక్కువ వస్తే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు, ఆ పైన వస్తే ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు గీకి, శుభ్రం చేసి బిగించండి. ఇలాగే బ్యాటరీ పాజిటివ్‌కీ యూనిట్ పవర్ పిన్నుకీ మధ్య కూడా చూడాలి.

పవర్, ఎర్త్ రెండూ బాగుంటే, ఆ యూనిట్ కప్లర్ దగ్గర క్యాన్-హై, క్యాన్-లో వోల్టేజీ వస్తోందా అని చూడండి. పోర్టు దగ్గర ఉండి ఇక్కడ లేకపోతే కొమ్మ వైరు తెగింది. ఇక్కడా సరిగ్గా ఉండి, పిన్నులు బిగువుగా ఉండి, అప్పటికీ యూనిట్ పలకకపోతే, అప్పుడే ఈసీయూ మీద అనుమానం పెట్టుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం

విజయవాడ–గుంటూరు మధ్య తిరిగే ఒక ట్యాక్సీ అనుకుందాం. వానాకాలంలో ఏబీఎస్, స్టీరింగ్ లైట్లు వెలిగి, స్పీడోమీటర్ సున్నాకి పడుతోంది. ఎండ కాస్తే బాగుంటోంది. ఒకచోట "ఏబీఎస్ యూనిట్ మార్చాలి" అన్నారు.

మెట్లు వరుసగా ఎక్కుదాం. బ్యాటరీ 12.5, బాగుంది. స్కానర్‌లో ఇంజిన్, స్టీరింగ్, స్పీడోమీటర్ మూడింట్లోనూ యు0121. అంటే ఆ మూడూ మాట్లాడుకుంటున్నాయి, ఏబీఎస్ ఒక్కటే మౌనం. 6–14 మధ్య 60 ఓమ్స్. ప్రధాన లైను బాగుంది. ఏబీఎస్ ఫ్యూజులు బాగున్నాయి. ఎర్త్ పిన్ను దగ్గర పని జరుగుతుండగా కొలిస్తే 1.8 వోల్టులు! ఎర్త్ బోల్టు విప్పితే కింద తుప్పు, చిలుము. వాన తడికి అది ఇంకా చెడుతోంది. గీకి, బిగించి, మళ్ళీ కొలిస్తే 0.05. కోడ్లు చెరిపి, నీళ్ళు చల్లి, బండి తిప్పి చూస్తే మళ్ళీ రాలేదు.

పట్టిన సామాను ఒక గరుకు కాగితం. ఏబీఎస్ యూనిట్ మార్చి ఉంటే? బోల్టు విప్పి బిగించినప్పుడు కొన్నాళ్ళు బాగుండి, వచ్చే వానకి మళ్ళీ మొదటికే వచ్చేది.

రిపేరు ఎలా చేయించాలి?

• క్యాన్ వైరు అతికేటప్పుడు అదే మందం వైరు వాడాలి. సోల్డరింగ్ లేదా సరైన క్రింపు వేసి, పైన హీట్ ష్రింక్ స్లీవ్ తొడగాలి. ఊరికే మెలేసి టేపు చుట్టడం రిపేరు కాదు.
• రెండు వైర్ల జాయింట్లు ఒకేచోట ఎదురెదురుగా రాకూడదు. కొంచెం దూరంగా వేయాలి.
• మెలిక విప్పింది మళ్ళీ వేయాలి. బయటి నుంచి వచ్చే కరెంటు గోలను ఆ మెలికే ఆపుతుంది.
• హై, లో తారుమారు చేయకూడదు. చేస్తే ఆ యూనిట్ మాట్లాడలేదు.
• బాడీకి వెల్డింగ్ చేయిస్తే ముందు బ్యాటరీ తీయించాలి.
• అసలు కారణం కూడా సరిచేయాలి. ఏసీ గొట్టం శుభ్రం చేయకుండా కప్లర్ ఒక్కటీ తుడిస్తే ప్రయోజనం లేదు.

"ఈసీయూ మార్చాలి" అంటే ఈ ప్రశ్నలు అడగండి

1. ఏ కోడ్ వచ్చింది? ఏ యూనిట్‌లో వచ్చింది? ప్రింటు లేదా ఫోటో ఇస్తారా?
2. 60 ఓమ్స్ పరీక్ష చేశారా? ఎంత వచ్చింది?
3. యూనిట్‌కి పవర్, ఎర్త్ పని జరుగుతుండగా కొలిచారా?
4. కప్లర్ పిన్నులు విప్పి చూశారా?
5. కొత్త ఈసీయూకి కోడింగ్, తాళం ప్రోగ్రామింగ్ ఖర్చు ఇందులో కలిసి ఉందా?
6. పాత యూనిట్ తిరిగి ఇస్తారా? బిల్లు, వారంటీ రాసి ఇస్తారా?

గౌరవంగానే అడగండి. పని తెలిసిన మెకానిక్ ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబు చెబుతాడు. పరీక్ష చేసిన శ్రమకు చార్జీ అడిగితే ఇవ్వండి. గంట పరీక్షకు ఇచ్చే డబ్బు, అవసరం లేని ఈసీయూకి పెట్టేదానికన్నా ఎప్పుడూ తక్కువే.

తరచూ అడిగే ప్రశ్నలు

*సెకండ్ హ్యాండ్ ఈసీయూ వేసుకోవచ్చా?*
చాలా కార్లలో ఈసీయూ ఆ బండి తాళానికి, ఆ మోడల్‌కి ముడిపడి ఉంటుంది. పార్ట్ నంబరు సరిపోయి, ప్రోగ్రామింగ్ చేయగలిగితేనే తీసుకోండి. ముందు డబ్బు కట్టేయకండి.

*కిటికీ, అద్దం మోటార్లు పనిచేయకపోతే కూడా ఇదేనా?*
చాలా బండ్లలో వాటికి లిన్ అనే ఒంటి వైరు లైను వాడతారు. అది 12 వోల్టుల మీద నడుస్తుంది, నెమ్మది లైను. దానికి 60 ఓమ్స్ పరీక్ష వర్తించదు. మెట్టు 1, 6 మాత్రం వర్తిస్తాయి.

*స్కానర్ పోర్టుకే పెట్టి ఉంచొచ్చా?*
వద్దు. ఆ పోర్టులో 16వ పిన్నుకి ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉంటుంది. రోజులు రోజులు వదిలేస్తే బ్యాటరీ దిగిపోవచ్చు.

*బిల్లు విషయంలో అన్యాయం జరిగితే?*
బిల్లు, కోడ్ ఫోటోలు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. సొంతంగా నడుపుకుని బతకడానికి బండి కొనుక్కున్నవారిని వ్యాపారులుగా కాక వినియోగదారులుగానే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చూస్తుంది.

*పథకం అర్హత, దరఖాస్తు వివరాలు ఎక్కడ?*
మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడగండి.

గుర్తుంచుకోవాల్సిన ఆరు మాటలు

1. ముందు కళ్ళు, తర్వాత మీటర్, ఆఖర్న ఈసీయూ.
2. యు కోడ్ అంటే మాట వినపడలేదని అర్థం, యూనిట్ పోయిందని కాదు.
3. 6, 14 పిన్నుల మధ్య 60 ఓమ్స్, బ్యాటరీ తీసి.
4. 60 వచ్చినా కొమ్మ వైరు, పవర్, ఎర్త్ చూడాల్సిందే.
5. ఎర్త్‌ని బీప్‌తో నమ్మకండి, పని జరుగుతుండగా వోల్టులో చూడండి.
6. బ్రేకు, స్టీరింగ్ మీద అనుమానం ఉంటే బండి పక్కన పెట్టండి.

ఈ పీడీఎఫ్‌ని మీ స్టాండు గ్రూపులో, మీకు తెలిసిన మెకానిక్‌కి కూడా పంపండి.